ఇసుకనేలలో పచ్చిక - పొదుపైన నీటి ఏర్పాటు

పంచాయతీ కార్యాలయము ముందర, పాఠశాల ఆవరణలో, గ్రంథాలయము చెంత కొంత పచ్చిక ఉన్నచో గ్రామమునకు ఎంతో శోభ కలుగును. పిల్లలు ఆడుకొనుటకు, వృద్ధులు సాయంకాలము కూర్చుండుటకు, గాలికి దుమ్ము లేవకుండుటకు అది ఉపకరించును. అయితే పచ్చిక నాటుట సులభము. మండువేసవిలో దానిని బ్రతికించుట కష్టము. కృష్ణానది ఎడమగట్టునగల తోట్లవల్లూరు ప్రాంతమువంటి చోట్ల, ముఖ్యముగా లంకలయందును, నదికి చేరువనున్న ఇసుకపాటి నేలలయందును ఈ కష్టము మరింత హెచ్చు. నీటిలెక్క చూడకయే పని ప్రారంభించిన పంచాయతీకి వేసవి వచ్చునప్పటికి రెండే మార్గములు మిగులును: పచ్చికను ఎండనిచ్చుట, లేదా ప్రజల త్రాగునీటిని తగ్గించుట. ఇట్టి చిక్కు రాకుండుటకు ముందుగానే తెలిసికొనవలసిన విషయములను ఇందు వివరించుచున్నాము.

నేల స్వభావము

పాములలంక, తోడేళ్ళదిబ్బలంక మొదలైన చోట్ల పసుపు, కంద, అరటి, చెరకు పండించు రైతులకు ఇసుకనేల గుణము క్రొత్త గాదు. ఆ నేల నీటిని త్వరగా త్రాగును, అంతకంటె త్వరగా విడిచిపెట్టును. నల్లరేగడిలో నీరు ఎక్కువైనచో పైననే నిలిచి కంటికి కనబడును. ఇసుకనేలలో ఎక్కువైన నీరు వేళ్ళను దాటి లోనికి దిగిపోవును. ఆ నష్టము ఎవరికిని కనబడదు. నేల పైభాగము పొడిగా కనబడుటచే నీరు చాలలేదనుకొని మరల విడుతురు. ఇసుకనేలలో నీరు వృథాయగుటకు ముఖ్యకారణము ఇదియే.

మీ నేలలో ఇసుక ఎంత కలదో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. జానెడు లోతునుండి పిడికెడు మట్టిని తీసి, నీరు నింపిన గాజుసీసాలో వేసి బాగుగా కుదిపి ఉంచవలెను. ఇసుక ఒకటి రెండు నిమిషములలో అడుగునకు చేరును. ఒండ్రు, బంక పైపైన మెల్లగా దిగును. మరునాడు పొరల మందమును చూచిన విషయము తేటపడును.

సాధారణముగా ఇసుకనేల ఒక మీటరు లోతులో మొక్కకు ఉపయోగపడు నీటిని సుమారు 70 మిల్లీమీటర్ల మేరకు మాత్రమే నిలుపుకొనగలదు. పచ్చిక వేళ్ళు 30 సెంటీమీటర్ల వరకు దిగినవనుకొందము. అప్పుడు వాటికి అందు నీరు 21 మిల్లీమీటర్లు. అందులో సగము ఖర్చగునప్పటికి మరల నీరు ఇయ్యవలెను. అనగా ఒక తడికి సుమారు 10 మిల్లీమీటర్లు చాలును. అంతకుమించి ఇచ్చినది ఇసుకపాలే.

లెక్క యిది

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. ఒక సెంటు భూమి సుమారు 40 చదరపు మీటర్లు. కోస్తా ప్రాంతపు మే నెల యెండలో గరికవంటి పచ్చికకు దినమునకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు అవసరమగును. కనుక 10 సెంట్ల పచ్చికకు దినమునకు 2,000 లీటర్లు కావలెను.

ఈ అంకె చిన్నదిగా తోపవచ్చును. కాని 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ గ్రామములలో ఒక్కొక్క వ్యక్తికి దినమునకు 55 లీటర్లను ప్రమాణముగా నిర్ణయించినది. ఆ లెక్కన 10 సెంట్ల పచ్చిక 36 మంది నీటిని త్రాగుచున్నదన్నమాట. గొట్టము పట్టుకొని ఇష్టమువచ్చినట్లు తడిపి, సగము నీటిని ఇసుకలోనికి జారవిడిచినచో 72 మంది నీరు ఖర్చగును. కావున పచ్చిక ఎంత విస్తీర్ణమున వేయవలెననునది శోభకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అది నీటి పంపకమునకు సంబంధించిన ప్రశ్న. మూడు సెంట్ల పచ్చిక వేసి ఏడాది పొడుగున పచ్చగా ఉంచుట, పది సెంట్లు వేసి ఏప్రిల్‌లో ఎండబెట్టుటకంటె మేలు. మిగిలిన ఆవరణలో వేప, కానుగ నాటినచో నీడయు కలుగును, వేడిగాలియు తగ్గును. ఐతే దట్టమైన నీడలో గరిక పెరుగదు గనుక చెట్లను అంచులకు పరిమితము చేయవలెను.

నీటి ఆధారము

కాలువ నీటిపై మాత్రము ఆధారపడరాదు. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైన పిమ్మట డెల్టా సేద్యమునకు స్థిరత్వము కలిగినను, వేసవిలో కాలువలు కట్టివేయుట పరిపాటి. పచ్చికకు నీరు ఎక్కువగా కావలసినది ఆ నెలలలోనే గదా!

నదికి దగ్గరగల గ్రామములలో ఫిల్టరుపాయింటు నీరు తక్కువ లోతున లభించును. ఐనను సముద్రము వైపునకు, అనగా బందరు, దివిసీమల దిక్కుగా పోయినకొలది భూగర్భజలము ఉప్పదనము పొందుచుండును. అచ్చట ఎక్కువగా తోడినకొలది ఉప్పునీరు పైకి వచ్చు ప్రమాదము కలదు. కావున పని ప్రారంభమునకు ముందే నీటిని పరీక్ష చేయింపవలెను. నీటి విద్యుద్వాహకత 0.7 డెసిసైమనుకు లోపుగానున్నచో ఏ మొక్కకును బాధ లేదు. 3 దాటినచో ఆ నీటిని వాడకుండుటయే శ్రేయస్కరము. గరిక ఉప్పును కొంతవరకు ఓర్చుకొనును గాని, దాని చుట్టునున్న పూలమొక్కలు ఓర్చుకొనవు. క్రొత్తగా బోరు వేయదలచినచో 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను.

వీధికుళాయిలవద్ద, రక్షితనీటి ట్యాంకువద్ద పొర్లిపోవు నీటిని ఒక చిన్న తొట్టిలోనికి మళ్ళించి పచ్చికకు వాడుట మిక్కిలి లాభకరము. సబ్బునీరు, సోడా కలిసిన నీరు మాత్రము రానీయరాదు. ఒక ముఖ్యమైన హెచ్చరిక: పచ్చిక గొట్టములను త్రాగునీటి గొట్టములకు నేరుగా తగిలింపరాదు. సరఫరా నిలిచినపుడు నేలలోని మురికినీరు వెనుకకు పీల్చబడి త్రాగునీటిలో కలియు ప్రమాదమున్నది.

నేలను సిద్ధము చేయుట

నాటుటకు ముందు చేయు ఖర్చు తరువాతి నీటి ఖర్చును తగ్గించును. బాగుగా చివికిన పశువులఎరువును, చెరువు పూడికమన్నును పై జానెడు ఇసుకతో కలియదున్నవలెను. పూడికమన్నును కలుపక పైన పొరగా పరచినచో అది గట్టిపడి నీటిని దిగనీయదు. ఇట్లు చేసిన నేల తన నీటిశక్తిని పెంచుకొనును గనుక, రెండు దినములకొక తడికి బదులు మూడు దినములకొక తడి ఇచ్చినను చాలును. ఖరీదైన విదేశపు గడ్డికంటె వినాయకచవితి పత్రిలో మనమందరము ఎరిగిన గరికయే ఈ ప్రాంతమునకు తగినది. అది ఎండకు తట్టుకొనును, త్రొక్కుడుకు నిలుచును, వాన పడినంతనే మరల చిగిర్చును.

గొట్టములు, తుంపరలు

పచ్చికకు తుంపర పద్ధతి తగినది. అంచులలోని పూలమొక్కలకు, చెట్లకు బిందు పద్ధతి మేలు. రెండింటికిని వేరువేరు వాల్వులుండవలెను. ఏలయన వాటి నీటి అవసరము వేరు.

నీటి ఒత్తిడిని ముందుగా చూడవలెను. ట్యాంకు 10 మీటర్ల ఎత్తుననున్నచో క్రింద చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలుగును. గొట్టములలోని రాపిడివలన అందులోను కొంత తగ్గును. పెద్ద తుంపరయంత్రములకు ఇది చాలదు. తక్కువ ఒత్తిడితో పనిచేయు చిన్న తుంపరలను ఎన్నుకొనవలెను, లేదా ప్రత్యేకముగా చిన్న పంపును అమర్చుకొనవలెను. ఒక తుంపర చిమ్ము నీరు ప్రక్క తుంపర మొదలువరకు అందునట్లు పాతినప్పుడే తడి సమానముగా పడును. దూరముగా పాతి ఖర్చు తగ్గించుకొన్నచో నడుమ పచ్చిక ఎండును; ఆ ఎండిన మచ్చకొరకు అంతటను ఎక్కువ నీరు విడువవలసివచ్చును. నీటిలో ఇసుక వచ్చుచోట జల్లెడ తప్పనిసరి. లంకలయందు పంపును వరదకు తప్పించి ఎత్తునకు మార్చుటకు వీలుగా బిగింపవలెను. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినప్పుడు లంకగ్రామములు మునిగిన సంగతి మరువరాదు.

డబ్బాల పరీక్ష

ఎంతసేపు నీరు విడువవలెనో ఊహించుట కంటె కొలుచుట మేలు. నిలువు గోడలుగల ఒకే కొలత డబ్బాలను తొమ్మిదింటిని పచ్చికపై అక్కడక్కడ ఉంచి, 15 నిమిషములు తుంపరలను నడుపవలెను. పిదప ప్రతి డబ్బాలోని నీటి లోతును స్కేలుతో కొలువవలెను. సగటు రెండున్నర మిల్లీమీటర్లు వచ్చినచో, 10 మిల్లీమీటర్ల తడికి ఒక గంట పట్టునని తెలియును. ఏదైన డబ్బాలో సగటులో సగమైనను లేనిచో ఆ చోటి తుంపరను సరిచేయవలెను. తడి ఇచ్చిన కొన్ని గంటలకు పారతో ఒకచోట త్రవ్వి చూచిన, చెమ్మ ఎంతలోతు దిగినదో కండ్లార తెలియును.

వేళ, ఋతువు

సూర్యోదయమునకు ముందు తడుపుట ఉత్తమము. అప్పుడు గాలి తక్కువ, ఆవిరి తక్కువ. మధ్యాహ్నము తడిపిన నీటిలో కొంత భాగము గాలికి, ఎండకు పోవును. రాత్రి తొలిజామున తడిపినచో ఆకులు తెల్లవార్లు తడిగానుండి బూజుతెగుళ్ళు వచ్చును. డిసెంబరు, జనవరి నెలలలో వేసవి నీటిలో సగము చాలును. 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ తడిని ఆపవలెను. వేసవిలో గడ్డిని నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున కోసినచో నేలకు నీడ కలుగును.

ఎరువు విషయమున జాగరూకత అవసరము. ఇసుకనేలలో నత్రజని నీటితోపాటు లోనికి దిగి, ఊరి ఫిల్టరుపాయింట్లలోనికి చేరవచ్చును. అందుచే 10 సెంట్లకు నెలకు రెండు కిలోలకు మించక యూరియాను రెండు దఫాలుగా వేసి, కొద్దిపాటి తడి ఇచ్చిన చాలును. వానాకాలపు ముసురులో వేయరాదు.

పంచాయతీ తీర్మానము

ఈ పనిని చేపట్టు సభ్యులు నాలుగు విషయములను తీర్మానములో వ్రాసికొనుట మంచిది: పచ్చిక విస్తీర్ణమెంత, నీరు ఎక్కడిది, ప్రతి ఉదయము వాల్వు త్రిప్పు బాధ్యత ఎవరిది, త్రాగునీటికి కొరత వచ్చినపుడు పచ్చికకు నీరు ఏ దినమున ఆపబడును. ఒక నీటిమీటరును అమర్చి నెలనెల అంకెను సమావేశములో చదివినచో వృథా తనంతట తానే తగ్గును. నేల, నీటి పరీక్షలకు, సలహాలకు ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపవచ్చును.

గరిక కొన్ని వారములు నీరు లేకున్నను ఎండినట్లు కనబడి, వాన రాగానే తిరిగి మొలచును. మనుష్యులకు, పశువులకు అట్టి సౌకర్యము లేదు. ఈ భేదమును మనసునందుంచుకొని లెక్కప్రకారము నడచిన పంచాయతీ ఆవరణలో పచ్చికయు నిలుచును, కుళాయిలలో నీరును నిలుచును.