ఇద్దత్ ముగిసిన మర్నాడు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో కొబ్బరి లెక్కలు తెలియని ఇల్లు అరుదు. దింపు ఎప్పుడు తీయించాలో, అంబాజీపేటలో వేయి కాయల ధర ఎంత పలుకుతున్నదో ఆడవారికి కూడా కంఠస్థమే. అయినా ఇంటి యజమాని కన్నుమూసినప్పుడు ఆ తోటలో భార్య వాటా ఎంత అన్న ప్రశ్న చాలా ఇళ్ళలో వినిపించదు. ఇద్దత్ దినాలు ఎలా గడపాలో ఆమెకు చెప్పేవారు పదిమంది ఉంటారు. ఆ గడువు తీరిన మర్నాడు ఆమె దేనికోసం నిద్ర లేవాలో చెప్పేవారు కనబడరు.

భర్త చనిపోయిన స్త్రీకి దివ్య ఖుర్‌ఆన్ (2:234) 4 నెలల 10 రోజుల ఇద్దత్‌ను విధించింది. గర్భవతికి అది ప్రసవంతో ముగుస్తుంది (65:4). 2:234 ఆయతులోనే మరొక మాట ఉంది. గడువు పూర్తయ్యాక ఆ స్త్రీలు తమ విషయంలో ధర్మసమ్మతంగా ఏ నిర్ణయం తీసుకున్నా మీపై దోషం లేదని అల్లాహ్ బంధువులకూ సమాజానికీ తెలియజేశాడు. అంటే దుఃఖానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక నిర్ణయం ఆమెది. మామగారిదీ కాదు, మరదిదీ కాదు.

ఈ సందర్భంలో సహీహ్ ముస్లింలోని ఒక ఉదంతం కోనసీమవారికి మరీ దగ్గరగా తోస్తుంది. హజ్రత్ జాబిర్ (రజి) పినతల్లి తలాఖ్ పొంది ఇద్దత్‌లో ఉన్నారు. తన ఖర్జూరపు చెట్ల కాయ దింపుకోవాలని బయలుదేరితే ఒక వ్యక్తి ఆమెను గద్దించాడు. ఆమె నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి అడిగారు. ఆయన వెళ్ళి దింపుకోమన్నారు. దాన్నుండి ఆమె దానం చేయవచ్చు, లేదా మరేదైనా మేలు చేయవచ్చు అన్నారు. ఆయన చెప్పిన కారణం గమనించదగినది. నీకు తిండి గడుస్తుంది అని ఆయన అనలేదు. ఒంటరియైన స్త్రీని ఇచ్చే చేతిగా చూశారు. మనమో, వితంతువు అనగానే జకాత్ పుచ్చుకొనేవారి జాబితాలో పేరు రాసి తృప్తిపడుతున్నాం. (ఇద్దత్‌లో ఉన్న వితంతువు జీవనావసరాలకై పగలు బయటకు వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరవచ్చునని హనఫీ ఫుఖహా కూడా అనుమతించారు.)

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితం చూడండి. ఉహుద్‌లో తగిలిన గాయం తిరగబెట్టి భర్త అబూ సలమా (రజి) మరణించేనాటికి ఆమె పిల్లల తల్లి. ఆయనకంటే మేలైనవారు ఇంకెవరుంటారని ఆమె తలపోశారు. ఇద్దత్ తర్వాత దైవప్రవక్త (స) వివాహ సందేశం పంపితే వెంటనే సరే అనలేదు. తన వయసు, తనలోని రోషం, తన పిల్లలు అంటూ మూడు సందేహాలను దాచకుండా చెప్పారు. వాటికి సమాధానం దొరికిన తర్వాతే అంగీకరించారు. హిజ్రీ 6లో హుదైబియా వద్ద సహాబాలు విచారంతో కదలక కూర్చున్నప్పుడు, ఎవరితోనూ మాట్లాడక ముందు మీ ఖుర్బానీ మీరు ఇచ్చి తల గొరిగించుకోండి అన్న సలహా ఆమెదే. ఆయన అలా చేయగానే అందరూ లేచారు. ఆమె ద్వారా 378 హదీసులు ఉమ్మత్‌కు అందాయి. ఈ సేవ అంతా ఆమె వైధవ్యం తర్వాతిదే.

కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అందుకాయన ఎంత పోరాడవలసి వచ్చిందో గోదావరి జిల్లాలవారికి తెలియనిది కాదు. మనకు అటువంటి నిషేధం ఏనాడూ లేదు. ప్రవక్త (స) సతీమణులలో హజ్రత్ ఆయిషా (రజి) తప్ప తక్కినవారంతా పూర్వ వివాహితలే. అయినా వితంతువు ఎదురైతే అపశకునమనీ, పెళ్ళిపందిట్లో ముందుకు రాకూడదనీ మన ఇళ్ళలోనూ వింటుంటాం. ఇది ఎక్కడినుంచి అంటుకున్నదో గాని, షరీఅత్‌నుంచి మాత్రం కాదు.

ఇక వాటా సంగతి. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు (4:12). రెండెకరాల తోటలో ఎనిమిదో వంతంటే 25 సెంట్లు, సుమారు 15 చెట్లు. బతుకంతా గడిచే ఆస్తి కాదది. కాని ఒకరి దయమీద కాక తన నేలమీద నిలబడటం వేరు. అదీ దక్కకనే కదా కొందరు బిడ్డలను వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళవలసి వస్తున్నది! 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. అయితే కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1949 సవరణ ఆ మినహాయింపును తొలగించింది. కనుక పొలానికి ఇది వర్తించదు అనే పెద్దల మాట చెల్లదు.

మహర్ మరీ ముఖ్యం. అది భర్త ఆస్తిపై అప్పు. పంపకానికి ముందే తీర్చాలి. జనాజా పక్కన నిలబెట్టి, దుఃఖంతో తల తిరుగుతున్న స్త్రీ చేత మాఫ్ చేశాను అనిపించే ఆచారం ఒకటి ఉంది. తన ఇష్టంతో వదులుకుంటేనే అది హలాల్ అని ఖుర్‌ఆన్ (4:4) స్పష్టపరిచింది. ఆ గడియలో పలికించిన మాటను ఇష్టమని ఎలా అంటాం?

అందుచేత ఇద్దత్ ముగిసేలోపే ఇంటివారు అప్పులు, మహర్, వసీయత్ లెక్క తేల్చి ఉంచాలి. వాటాను నోటిమాటగా వదలక పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కించాలి. తర్వాతి దింపు రోజున ఆమె చెట్ల కాయ విడిగా పోగుపెట్టించి, ఎన్ని అయ్యాయో ఆమెకే లెక్క చెప్పాలి. అందులో అమ్మేవి ఎన్ని, ఇంటికి ఎన్ని, అల్లాహ్ మార్గంలో ఎన్ని అన్నది ఆమె చెబుతుంది.