మీకు తెలుసా? కారం దోసెకు ఇథియోపియాలో చుట్టాలున్నారు!

తిరుపతిలోనో చిత్తూరులోనో కారం దోసె చెబితే, పెనం మీదున్న దోసెకే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, మడిచి చేతికిస్తారు. పులిసిన పిండి, ఎర్రటి కారం, శనగల పొడి. ఈ మూడూ తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, ఎరిత్రియా వంటిళ్లలోనూ ఉన్నాయి.

అక్కడి దోసె ఇంజెరా. టెఫ్ అనే చిరుధాన్యంతో పోస్తారు. దాని పక్కన పెడితే మన రాగిగింజే పెద్దది! పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, వెడల్పాటి పెనం మీద ఒకవైపే కాలుస్తారు.

ఇక కారం పేరు బెర్బెరె. మన ఎర్రకారానికి నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు ఉంటే చాలు, నూరిన పూటే దోసెకెక్కుతుంది. బెర్బెరెకు ఆ తొందర పనికిరాదు. ఎండుమిరపకాయల్ని అల్లం, తెల్లగడ్డలు, తులసి జాతి ఆకుతో కలిపి దంచి, మళ్లీ ఎండబెడతారు. ఆపైన వేయించిన మెంతులు, వాము, నల్లజీలకర్ర, ధనియాలు, లవంగాలు, కొరారిమా అనే అక్కడి యాలకులు చేర్చి మరపట్టిస్తారు. పాళ్లు ఇంటింటికీ మారతాయి. నిజానికిది ఎర్రకారం కంటే, మనం కూరల్లోకి ఏడాదికి సరిపడా పట్టించుకునే మసాలా కారానికే దగ్గర.

దాంతో వండే కోడి పులుసు దోరో వత్. బోలెడన్ని ఎర్రగడ్డల్ని ముందు చుక్క నూనె లేకుండా, వట్టి గిన్నెలోనే సన్నసెగ మీద మగ్గబెడతారు. తర్వాతే మసాలా నెయ్యి, బెర్బెరె, కోడి. చివర్లో ఉడికించిన గుడ్లు. నాటుకోడి రుచి మరిగిన చిత్తూరువాళ్లు పక్కన సంగటి లేదని తప్ప మరో వంక పెట్టలేరు.

మనకు మాంసం మానే పెరటాసి నెల ఉన్నట్టే వాళ్లకూ ఉపవాసాలున్నాయి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఈస్టర్ ముందైతే ఏకంగా 55 రోజులు! అప్పుడు ఆదుకునేది షిరో. వేయించిన శనగలో బఠాణీలో బెర్బెరెతో కలిపి పట్టిన పొడి. మనం పప్పుల పొడిని చల్లుకుంటాం, వాళ్లు నీళ్లలో చిక్కగా ఉడికించి ఇంజెరాతో తింటారు.

అసలు మిరప ఇద్దరికీ పరాయిదే, పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. వాస్కో డ గామా కోళికోడు చేరింది 1498లో, అన్నమయ్య పరమపదించింది 1503లో. అంటే ఆయన విస్తట్లో ఎర్రకారం పడే అవకాశం దాదాపు లేదు. అప్పటి ఘాటంతా మిరియాలది, అల్లానిది, పిప్పళ్లది. ఆ పిప్పళ్లు ఇథియోపియాలో ‘తిమిజ్’ పేరుతో ఇప్పటికీ కూరల్లో పడుతున్నాయి. మనమే వాటిని కషాయాలకూ లేహ్యాలకూ వదిలేశాం.