ట్రాలీకి ఎల్‌ఈడీ లైట్లు వేశాక ఇండికేటర్ సరిగా పనిచేయట్లేదా?

ఘనజీవామృతం బస్తాలతో రాత్రి వస్తూ కుడి ఇండికేటర్ వేశాను. వెనక బైకు అబ్బాయికి అది కనపడలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. మర్నాడే వైరింగ్ విప్పాను.

ముందు ఎర్త్ చూడండి. నా ట్రాలీలో అసలు లోపం అదే. హుక్కు తుప్పు పట్టి కరెంటు సరిగా అందలేదు. ట్రాలీ నుంచి ట్రాక్టర్‌కు వేరే ఎర్త్ వైరు లాగాను, లైట్లు వెలిగాయి.

కానీ గబగబా కొట్టుకోవడం మొదలైంది. పాత బల్బు 21 వాట్లు, ఎల్‌ఈడీ కొద్ది వాట్లే. లోడు తగ్గేసరికి ఫ్లాషర్ బల్బు పోయిందనుకుంటుంది. ఎల్‌ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చాను, సరిపోయింది. రెసిస్టర్ పెట్టినా పనవుతుంది గానీ బాగా వేడెక్కుతుంది. వైర్లకు తగలకుండా ఇనుము మీద బిగించాలి.

కనెక్షన్లు వీడియోలో చూపించాను. బయల్దేరే ముందు ఒకరిని వెనక నిలబెట్టి అన్ని లైట్లూ చూసుకోండి.