సాఫ్ట్‌వేర్ వచ్చింది.. డిజైన్ రాలేదు!

విజయవాడలో ఓ చిన్న ప్రింటింగ్, డిజైన్ ఆఫీసు. ఇంటర్వ్యూ అన్నారు గానీ పెద్దగా ప్రశ్నలేమీ లేవు. ‘నగల షాపు ఓపెనింగ్‌కి పోస్టర్ చెయ్యి. గంట టైమ్’ అన్నారు ఓనర్. నలభై నిమిషాల్లో చేసేశా. బంగారు రంగు, మెరుపులు, షాడోలు.. నాకైతే అదిరిపోయిందనిపించింది. ఆయన మానిటర్ వైపు కాసేపు చూసి, ‘బాబూ, పైన ఏం రాశావో ఓసారి చదువు’ అన్నారు.

చదివా. ‘ప్రారంభోత్సవం’ అని ఉండాల్సిన చోట ‘ప్‌రారంభోత్‌సవం’ అని ఉంది. ఒత్తులన్నీ విడిపోయాయి. నేను టైప్ చేసింది సరిగ్గానే. ఆ ఫొటోషాప్‌లో భారతీయ భాషలకు సంబంధించిన సెట్టింగ్ మార్చలేదు, అంతే. కానీ అసలు తప్పు అది కాదు. నలభై నిమిషాలపాటు ఆ అక్షరాలకు మెరుపులు అద్దానే తప్ప ఒక్కసారి కూడా వాటిని చదవలేదు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

అప్పటికి నా బీటెక్ పూర్తయి ఏడాది. హైదరాబాద్‌లో రెండు నెలల గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకుని తిరుగుతున్నా. ఏ టూల్ ఎక్కడుందో, ఏ షార్ట్‌కట్ దేనికో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ని. ఏ అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి, ఎందుకు ఉండాలి అంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

సరిగ్గా అదే సమయంలో మా పెద్దమ్మ కూతురు అమెరికాలో డిజైన్ కోర్సులో చేరింది. బీకాం చదివిన మనిషి. పెళ్లయ్యాక బావ ఉద్యోగం వల్ల టెక్సాస్ వెళ్లింది. అక్కడ ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ తీసుకుంది. ‘రెండేళ్లా అక్కా? నేను రెండు నెలల్లో నేర్చేసుకున్నా’ అన్నాను ఫోన్‌లో. ‘ఒరేయ్, మా చేత ఇంకా పెన్సిలే పట్టిస్తున్నారురా’ అంది తను. అప్పుడు నవ్వాను. పోస్టర్ దెబ్బ తర్వాత నేనే ఫోన్ చేసి, ‘అసలు మీకేం చెబుతున్నారు?’ అని వివరంగా అడిగా. ఈ వ్యాసం ఆ ఫోన్ కాల్స్ ఫలితమే.

రెండేళ్లలో ఏం చెబుతారు?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే స్థానికుల కోసం నడిచే రెండేళ్ల కాలేజీ. 1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో మొదటి ప్రభుత్వ కాలేజీ. ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటిచోట హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు, పగలు ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసుకొచ్చేవాళ్లు, మా అక్కలాంటి గృహిణులు.. అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. దాదాపు 60 క్రెడిట్లు పూర్తిచేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. నేరుగా ఉద్యోగానికి సిద్ధం చేసేవి కొన్ని, నాలుగేళ్ల డిగ్రీలోకి మారడానికి పనికొచ్చేవి కొన్ని ఉంటాయి.

అక్క చదివిన క్రమం ఇదీ. మొదట డ్రాయింగ్, కంపోజిషన్. ఒక చతురస్రంలో నల్లటి ముక్కలు నాలుగు పెట్టి ‘బరువు’, ‘వేగం’ చూపించమనేవారట. తర్వాత టైపోగ్రఫీ.. అంటే అక్షరాల ఎంపిక, సైజు, వాటి మధ్య ఖాళీ. ఆపై రంగులు, ప్రింటింగ్‌కు ఫైలు సిద్ధం చేయడం, వెబ్. చివరి సెమిస్టర్‌లో పోర్ట్‌ఫోలియో. సాఫ్ట్‌వేర్ కూడా నేర్పారు. కానీ అది మొత్తం కోర్సులో ఒక భాగం మాత్రమే.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ప్రతి అసైన్‌మెంట్ ప్రింట్ తీసి గోడకు అంటించాలి. క్లాసంతా దాని ముందు నిలబడి మాట్లాడాలి. ‘బాగుంది’, ‘బాలేదు’ అంటే కుదరదు. కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది, ఏది అర్థం కాలేదు, ఏది తీసేయొచ్చు.. ఇలా చెప్పాలి. దీన్ని అక్కడ క్రిటిక్ అంటారు. ‘మొదటిసారి ఇంటికొచ్చి ఏడ్చేశాన్రా. నాలుగోసారికి వాళ్లు ఏమంటారో ముందే తెలిసిపోయేది. అంటించకముందే సరిచేసుకునేదాన్ని’ అంది అక్క.

నా రెండు నెలల కోర్సులో లేనిది ఇదే. వీడియో చూసి నేర్చుకున్నా, కోచింగ్ సెంటర్‌లో నేర్చుకున్నా టూల్ వస్తుంది. మన పనిలో తప్పు మనకే కనబడటం మాత్రం పది మంది ముందు పెట్టి, చెప్పించుకుని, మళ్లీ చేస్తేనే వస్తుంది.

ఇదంతా చదివి ఆ కోర్సు కోసం అమెరికా వెళ్లమంటున్నానని అనుకోకండి. అసోసియేట్ డిగ్రీ బ్యాచిలర్ డిగ్రీతో సమానం కాదు. అక్కడ హెచ్1బీ ఉద్యోగాలకు సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీ స్థాయి అర్హత అడుగుతారు. మనం తెచ్చుకోవాల్సింది ఆ కాలేజీ పేరును కాదు, ఆ పద్ధతిని.

మన దగ్గర దారులివీ

కమ్యూనిటీ కాలేజీ మనకు కొత్త మాటేమీ కాదు. దేశంలో మొదటిది 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ ఆధ్వర్యంలో మొదలైంది. 2013-14లో యూజీసీ ప్రత్యేక పథకం తెచ్చి, ఉన్న కాలేజీల్లోనే స్థానిక పరిశ్రమల సాయంతో సర్టిఫికెట్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా కోర్సులకు వీలు కల్పించింది. ఆ తర్వాత వచ్చిన బీ.వొకేషనల్‌లో మొదటి ఏడాదికి డిప్లొమా, రెండో ఏడాదికి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ తీసుకునే వెసులుబాటు ఉంది. మీ జిల్లాలోని డిగ్రీ కాలేజీల్లో మల్టీమీడియా, డిజైన్ కోర్సులు ఉన్నాయేమో ముందు ఆరా తీయండి.

టెన్త్ తర్వాత త్వరగా పనిలోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఐటీఐల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు కేటాయించగలిగితే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ చేయొచ్చు. 2015లో మొదలైన ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో బీడిజైన్ ఉంది. దీనికి డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ రాయాలి.

‘నాది ఇంజినీరింగ్ కదా, ఇప్పుడెలా?’ అనేవాళ్లకు సీడ్ ఉంది. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ చేసిన ఏ బ్రాంచి వాళ్లయినా రాయొచ్చు. దీని ద్వారా ఐఐటీల్లో ఎండిజైన్‌కు పోటీ పడొచ్చు. ఆర్ట్ బ్యాక్‌గ్రౌండ్ లేదని వెనకడుగు వేయకండి. తెలుగు అక్షరానికే కొత్త అందం తెచ్చిన బాపు గారు చదివింది లా!

ఫీజు కట్టే ముందు..

ఏ కోర్సులో చేరినా ఈ ప్రశ్నలు అడగండి:

- పాత విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు చూపిస్తారా? అవన్నీ ఒకేలా ఉంటే టెంప్లేట్లు దిద్దించారని అర్థం.
- డ్రాయింగ్, టైపోగ్రఫీకి ఎన్ని గంటలు కేటాయించారు? సిలబస్‌లో సాఫ్ట్‌వేర్ల పేర్లు తప్ప ఇంకేమీ లేకపోతే ఆలోచించుకోవాల్సిందే.
- పాఠం చెప్పేవాళ్లు క్లయింట్లకు పనిచేశారా? ప్రతి విద్యార్థి పనినీ విడిగా చూసి సరిచేస్తారా?
- సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? యూనివర్సిటీయా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థా, లేక సెంటరే ముద్రించి ఇస్తుందా?

ఈ నాలుగూ నేను అడగలేదు. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డు చూసి డబ్బు కట్టేశా.

సీటు దొరక్కపోతే?

నేను చేసింది చెబుతా. ముందు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కొన్ని నెలలు సాయంత్రాలు పనిచేశా. జీతం నామమాత్రం. కానీ అక్కడే చాలా విషయాలు అర్థమయ్యాయి. స్క్రీన్ మీద మెరిసే ఆర్‌జీబీ నీలం, సీఎంవైకే ప్రింట్‌లో ఎందుకు పాలిపోతుంది? కాగితం కత్తిరించేటప్పుడు తెల్లగీత రాకుండా చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ ఎందుకు వదలాలి? చేతిలో పట్టుకుని చూసే పాంప్లెట్‌కు 300 డీపీఐ అవసరం, దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్సీకి అంత అక్కర్లేదు, ఎందుకు? ఇవన్నీ పుస్తకంలో చదివితే ఇట్టే మర్చిపోతాం. మన తప్పు వల్ల వెయ్యి కార్డులు పాడైతే జన్మలో మర్చిపోం.

రెండోది, నలుగురు ఫ్రెండ్స్‌తో ఆదివారం క్రిటిక్ పెట్టుకున్నాం. అందులో ఒకడు బీఎస్సీ అగ్రికల్చర్. వాడికి డిజైన్ అంటే ఏంటో తెలియదు. అందుకే వాడి మాటే ఎక్కువ పనికొచ్చేది. పోస్టర్ ఐదు సెకన్లు చూపించి తిప్పేసి, ‘ఏం గుర్తుంది?’ అని అడిగేవాళ్లం. వాడు షాపు పేరు చెప్పలేకపోతే పోస్టర్ మళ్లీ మొదటికి.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే ఆగిపోకండి. ఫొటోలకు గింప్, లోగోలకు ఇంక్‌స్కేప్, పుస్తకాలు, బ్రోషర్ల పేజీలకు స్క్రైబస్.. ఇవన్నీ ఉచితమే. వీటిలో బేసిక్స్ పట్టుబడితే ఆఫీసులో వేరే సాఫ్ట్‌వేర్‌కు మారడం కష్టం కాదు.

తెలుగు మీ ప్లస్ పాయింట్

ఇంగ్లిష్ పోస్టర్ ఎక్కడి డిజైనరైనా చేస్తాడు. మీరు ఉద్యోగం వెతికే మార్కెట్లో తెలుగు పోస్టర్ బాగా చేసేవాళ్లకు ప్రత్యేక విలువ ఉంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ గ్యాప్ పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లలోని మేటర్ నేరుగా యూనికోడ్‌లో తెరుచుకోదు, కన్వర్ట్ చేయాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఇంజిన్ ఎంచుకుంటే తప్ప ఒత్తులు కలవవు. నన్ను ముంచింది ఇదే!

ఫాంట్ల కొరత కూడా లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇక ఏఐ సంగతి. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ క్షణాల్లో ఇస్తుంది, వాడుకోండి. కానీ అది రాసిచ్చిన తెలుగును మాత్రం అక్షరం అక్షరం చదవకుండా బయటకు పంపకండి. టెంప్లేట్ మార్చే పని మెషిన్ చేసేస్తుంది. ‘ఇది ఇలాగే ఎందుకు?’ అని క్లయింట్ అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

పోర్ట్‌ఫోలియోలో నలభై పనులు పెట్టొద్దు. ఎనిమిదో పదో చాలు. వాటిలో ఒకటి తెలుగులో, ఒకటి నిజంగా ప్రింటయినది ఉండాలి. ఒకదానికైనా మొదటి పెన్సిల్ గీత నుంచి చివరి డిజైన్ వరకు అన్ని దశలూ చూపించండి. నేను తర్వాత చేరిన ఆఫీసులో ఎక్కువసేపు చూసింది ఆ పేజీనే. అక్కడ పెట్టింది ఏ పోస్టరో తెలుసా? అదే నగల షాపుది. విడిపోయిన ఒత్తులతో మొదటిది, పక్కన సరిచేసింది, కింద ఏం మార్చానో, ఎందుకు మార్చానో రాసిన నాలుగు లైన్లు.

ఈ వారం మీరూ ఒక పని చేయండి. మీ ఊరి సెంటర్లో బాగోలేదనిపించిన ఐదు బోర్డులు ఫోన్‌లో ఫొటో తీయండి. ఒక్కోదానిలో ఏం తప్పో ఒక్క వాక్యంలో రాయండి. ఒకదాన్ని మళ్లీ డిజైన్ చేసి, ప్రింట్ తీసి గోడకు అంటించి, ఇంట్లోవాళ్లను చదవమనండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మీ కోర్సు మొదలైనట్టే.