ఒకరి మస్టర్ అందరికీ పడితే..!

గోదావరిఖనిలో మస్టర్ అంటే ఏమిటో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. బాయి మీదికెళ్లి మస్టర్ పడితేనే ఆ రోజు కష్టం జీతంలో లెక్క. మరి ఒక్కరు డ్యూటీకెళ్తే అందరికీ మస్టర్ పడిపోతే? సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట పైథాన్ నేర్చుకునే కార్మికుల పిల్లలు ఓ హాజరు ప్రోగ్రామ్ రాస్తే, అందులో అచ్చం అలాగే జరగొచ్చు. పైగా తప్పు జరిగిందని కంప్యూటర్ ఒక్కమాటైనా చెప్పదు!

గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్‌లో 'క్లాస్' అంటే నమూనా. 'కార్మికుడు' అనే క్లాస్ ఒక్కటి రాస్తే దాన్నుంచి ఎంతమందినైనా తయారుచేయొచ్చు. అలా తయారైన ఒక్కొక్కటీ ఓ ఆబ్జెక్ట్. పేరు, షిఫ్టు, మస్టర్లు... ఇవన్నీ దాని యాట్రిబ్యూట్లు. చిక్కంతా వీటిని ఎక్కడ తగిలించామన్న దగ్గరే.

మస్టర్ల కోసం ఖాళీ జాబితాను నేరుగా క్లాస్‌లోనే రాస్తే అది బాయి మీద నోటీస్ బోర్డు లాంటిది. అందరికీ ఒక్కటే. ఒకరి కోసం ఎక్కించింది వందమంది లెక్కలోనూ కనిపిస్తుంది. అదే జాబితాను ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే 'ఇనిట్'లో, ముందు 'సెల్ఫ్' అని పెట్టి రాస్తే... ఎవరి పే స్లిప్పు వారిదే!

ఎందుకిలా?

ఏదైనా యాట్రిబ్యూట్ అడిగితే పైథాన్ సాధారణంగా ముందు ఆబ్జెక్ట్ దగ్గర వెతుకుతుంది. లేకపోతే క్లాస్‌లో, అక్కడా లేకపోతే దాని మాతృ క్లాసుల్లో చూస్తుంది. కొత్త విలువ ఇస్తే మాత్రం ఆ ఆబ్జెక్ట్‌కే తగిలిస్తుంది. అందుకే షిఫ్టు పేరును క్లాస్‌లో రాసినా ఇబ్బంది లేదు. ఒకరికి మారిస్తే వారికే మారుతుంది. జాబితా సంగతి వేరు. అందులో ఒకటి చేర్చడమంటే కొత్త విలువ ఇవ్వడం కాదు, అందరిదీ అయిన పాతదాన్నే మార్చడం.

పట్టుకునేదిలా...

* ఒక్క కార్మికుడితో పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇద్దరిని తయారుచేసి, ఒకరికే మస్టర్ వేసి, రెండోవారిది చూడాలి.
* 'వార్స్' అనే ఫంక్షన్ మామూలు ఆబ్జెక్ట్ సొంత యాట్రిబ్యూట్లను చూపిస్తుంది. అందులో మస్టర్లు లేకపోతే అవి క్లాస్ నుంచి వస్తున్నట్టే.
* ఇద్దరి జాబితాలను 'ఈజ్'తో పోల్చాలి. 'ట్రూ' అని వస్తే రెండూ ఒకటే. రెండు సమాన గుర్తులతో పోలిస్తే చాలదు, వేర్వేరు ఖాళీ జాబితాలు కూడా సమానమే కదా!

సరిదిద్దడానికి పట్టేది ఒక్క వాక్యం. కానీ జీతాలు లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క వాక్యం చోటు తప్పితే, ఒకరి కష్టం ఇంకొకరి ఖాతాలో పడుతుంది.