గిలకలతో సైకిలును దూలానికి ఎత్తి ఉంచుట

కోతలు కాగానే ధాన్యం బస్తాలు, విత్తనాలు, ఎరువులు ఇల్లు చేరును. సావిడిలో కాలు పెట్టుటకు చోటుండదు. పిల్లల సైకిలు దారికి అడ్డమగును, లేదా ఎరువు బస్తాల ప్రక్కకు చేరును. ఎరువులలోని లవణాలు గాలిలోని చెమ్మను పీల్చి, రిమ్ములను, గొలుసును త్వరగా తుప్పు పట్టించును. కప్పు ఎత్తుగా ఉన్న ఇంటిలో సైకిలును గిలకలతో పైకెత్తి ఉంచుకొనవచ్చును. ఖర్చు స్వల్పమే. అయితే ఆ బరువు క్రింద మనుషులు తిరుగుదురు. కనుక ఎత్తుట కంటె, ఎత్తినది పడకుండ చూచుటయే అసలు పని.

దూలం పరీక్ష: ముందుగా దూలాన్ని సుత్తితో తట్టి చూడవలెను. బోలు శబ్దం వచ్చినను, మొల గుచ్చగా సులభముగా దిగినను, అది చెదలు తిన్న దూలం, దానికేమియు కట్టరాదు. వెదురు వాసాలు, రేకులు ఈ పనికి చాలవు. స్లాబు ఇండ్లలో పంకా కొక్కేనికి కట్టరాదు. దూలం అడుగున మేకు కొట్టి దానికి వ్రేలాడదీయుట ప్రమాదకరం; బరువుకు మేకు ఊడి వచ్చును. దూలం చుట్టూ ఇనుప పట్టీ వేసి, బోల్టుతో బిగించి, గిలకను ఆ పట్టీకి తగిలించవలెను.

గిలకల అమరిక: నూతి గిలక వలె పైన ఒక్క గిలక మాత్రమే ఉన్నచో బరువు తగ్గదు, లాగు దిశ మాత్రమే మారును. పైగా 20 కిలోల సైకిలును క్రిందికి లాగుచు ఎత్తునపుడు, బరువు 20, లాగు బలం 20 కలిసి దూలంపై 40 కిలోల భారం పడును. కావున తాడు కొసను దూలానికి కట్టి, క్రింద కొక్కెం ఉన్న గిలక గుండా త్రిప్పి, తిరిగి పై గిలక మీదుగా తేవలెను. అపుడు 10 కిలోల బలము, రాపిడికి మరికొంత చాలును. అందుకు బదులు 2 మీటర్లు ఎత్తుటకు 4 మీటర్ల తాడు లాగవలసి యుండును.

ఇటువంటి అమరికలు రెండు కావలెను: ఒకటి సీటుకు, రెండవది హ్యాండిలుకు. పై గిలకల మధ్య దూరం, సీటుకు హ్యాండిలుకు మధ్య దూరం సమానముగా ఉండవలెను. కొక్కేలకు పాత ట్యూబు ముక్క చుట్టినచో రంగు చెడదు. రెండు తాళ్ళను ఒకే చోటికి తెచ్చి, కలిపి లాగినచో సైకిలు ఒరగకుండ లేచును.

తాడు: తాడు తెగు బరువులో పదవ వంతుకు మించి మోయించరాదు. ఎండ తగిలిన ప్లాస్టిక్ తాడు పైకి బాగుగనే కనబడినను పెళుసెక్కును. పాత తాడును వాడకుడు. గోడకు, పిల్లలకు అందని ఎత్తులో, రెండు కొమ్ముల ఇనుప కొయ్య బిగించి, తాడును ఎనిమిది అంకె ఆకారంలో పలుమార్లు చుట్టవలెను. ఇది చాలదు. ప్రక్కగా నిచ్చెన వేసికొని, దూలం నుండి విడిగా ఒక ఇనుప గొలుసును సైకిలు చట్రానికి తగిలించవలెను. తాడు తెగినను గొలుసు ఆపును.

ఎత్తు: చక్రాల అడుగు నేలకు 2 మీటర్ల పైన ఉండవలెను. సైకిలు ఎత్తు, గిలకల చోటు కలుపుకొనగా దూలం సుమారు 3.5 మీటర్ల ఎత్తున ఉండుట అవసరం. అంత ఎత్తు లేనిచో, మనుషులు నడువని చోట, గాదె పైననో బస్తాల పైననో వ్రేలాడదీయుడు. మంచం పైన, ఉయ్యాల పైన, గుమ్మం ఎదుట వలదు.

సైకిలు కట్టుటకు ముందు 40 కిలోల ఇసుక బస్తాను జానెడు ఎత్తున ఒక రాత్రి వ్రేలాడదీసి చూడుడు. తెల్లవారి పట్టీ జరిగినను, తాడు పోగులు లేచినను సరిచేసి మరల పరీక్షించుడు. దించునపుడు తాడును జారవిడువక, చేతి వెంట చేయి మార్చుచు దించవలెను. ఆ సమయాన పిల్లలను బయటకు పంపుడు. మోటారు సైకిలును మాత్రం ఈ విధముగా ఎత్తరాదు. దాని బరువు 100 కిలోలకు మించును.

ఏటేటా తొలకరికి ముందు దూలం, పట్టీ, తాడు, గొలుసు నాలుగింటిని పరీక్షించుడు. అనుమానం కలిగిన తాడును ఆనాడే మార్చుడు.