బండి పెట్టే మూలలో సొంత వర్క్‌బెంచ్
బీటెక్ పట్టా చేతికొచ్చినా ఒక్క బోల్టూ బిగించలేదా? ఇంట్లో బండి పెట్టే మూలలో వర్క్‌బెంచ్ కట్టేయండి. 8×4 అడుగుల 18 ఎంఎం ప్లైవుడ్ షీటును నిలువునా రెండుగా కోయించి, ఒకదానిపై ఒకటి అతికిస్తే రెండడుగుల వెడల్పు, 36 ఎంఎం మందం ఉన్న బల్ల పైభాగం సిద్ధం. ఎత్తెంత? నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎంత ఎత్తులో ఉంటుందో అంత.

ఇనుప ఫ్రేమ్ నాచారంలో వెల్డింగ్ చేయించుకున్నా. మూలమట్టం చూడలేదు, మొదటి బల్ల ఊగిపోయింది! టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా వస్తేనే పూర్తి వెల్డింగ్ వేయమనండి.

పెద్ద యంత్రాలు చూడాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగండి. 2023లో మొదలైన టీ-వర్క్స్ అక్కడే. రేపు ఇంటర్వ్యూలో ‘సొంతంగా ఏం చేశారు?’ అంటే చెప్పడానికి మీకూ ఒకటుంటుంది.